ఆకు తిందాం, గోలీ వేసుకుందాం, డబ్బా వద్దందాం

టేకులపల్లి మండలంలోని సంఘాల అక్కలకు, గ్రామసభ సభ్యులకు, సర్పంచులకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఆశ అక్కలకు

పత్తి డబ్బులు చేతికొచ్చే రోజుల్లో మన ఊళ్లకు బట్టలవాళ్లు, ప్లాస్టిక్ సామాన్లవాళ్లు వచ్చేవారు. ఇప్పుడు వాళ్ల వెనకే డబ్బాలవాళ్లూ వస్తున్నారు. సంఘం మీటింగు ముగిసి అందరూ లేవబోయే వేళ చూసుకుని బ్యాగు తెరుస్తారు. "ఇది ఇంగ్లీషు మందు కాదక్కా, పండ్లు, కూరగాయల సారం. మెడికల్ షాపులో దొరికే మల్టీవిటమిన్ అంతా కెమికల్. దీనికి సైడెఫెక్టే లేదు. రక్తం పడతది, మోకాళ్ల నొప్పి పోతది, షుగరు దిగుతది" అంటారు. డబ్బా ధర వేలల్లో చెబుతారు. చేతిలో లేకపోతే సంఘం అప్పులోంచి తీసుకోమంటారు. ఇంకో నలుగురిని చేర్పిస్తే మీ డబ్బా మీకు ఉత్తగనే వస్తుందంటారు.

పండ్ల సారం మంచిదా, ఫ్యాక్టరీ విటమిన్ మంచిదా అన్నది వాళ్లు మన ముందు పెట్టిన పంచాయితీ. ఆ పంచాయితీలో మనం కూర్చోవాల్సిన పనే లేదు. మనకు కావలసింది పళ్లెంలో ఆకుకూర, అవసరమైన వాళ్లకు సర్కారు దవాఖాన ఇచ్చే గోలీ. ఈ రెంటి మధ్యలో దూరి, రెంటి పేరూ చెప్పుకుంటూ, ఏ ఒక్కదాని పనీ చేయని డబ్బా మన మండలంలో అమ్ముడుపోకూడదు. ఈ కరపత్రం అందుకే.

ముందు లెక్క చూద్దాం. మామూలు క్యాప్సూల్లో పట్టే పొడి అర గ్రాము, మహా అయితే ఇంకొంచెం. రోజుకు రెండు మింగితే ఒక గ్రాము. కూరగాయల్లో నూటికి తొంభై పాళ్లు నీళ్లే కాబట్టి ఒక గ్రాము పొడి అంటే పది గ్రాముల పచ్చికూర, అంటే ఒక్క లేత బెండకాయ. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలి, అందులో 100 గ్రాములు ఆకుకూర కావాలి. దానికి తోడు 100 గ్రాముల పండ్లు. అర కిలో తినాల్సిన చోట ఒక బెండకాయను ఎండబెట్టి, దానికి ఇరవై పేర్లు పెట్టి, మెరిసే డబ్బాలో పోసి ఇస్తున్నారు.

మునగాకు క్యాప్సూల్ అనుకున్నా ఇదే కథ. వంద గ్రాముల పచ్చి మునగాకులో ఇనుము నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అర గ్రాము పొడికి వచ్చేసరికి అది 0.1 మిల్లీగ్రాము దగ్గర తేలుతుంది. సబ్‌సెంటర్లో గర్భిణికి ఉచితంగా ఇచ్చే ఎర్రగోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఆ ఒక్క గోలీలోని ఇనుము కావాలంటే అలాంటి క్యాప్సూల్స్ ఆరు వందలు మింగాలి.

"మా డబ్బా మీద విటమిన్ అంకెలు చాలా పెద్దగా ఉన్నాయి కదా" అంటారేమో. అయితే డబ్బా తిప్పి వెనకున్న సన్నక్షరాలు చదవండి, లేదా ఇంట్లో చదువుకున్న పిల్లతో చదివించండి. ఆస్కార్బిక్ ఆమ్లం, ఫెర్రస్ ఫ్యూమరేట్ లాంటి పేర్లు కనబడితే అవి కలిపినవే. చిటికెడు పొడి నుంచి అంతంత అంకెలు వేరే దారిన రావు. ఏ కెమికల్‌ని తిట్టి అమ్మారో ఆ కెమికలే లోపల ఉందన్నమాట, ధర మాత్రం పదింతలు.

కెమికల్ అన్న మాటకు బెదరడం మనం మానుకోవాలి. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని పట్టుకుంది. అందులో పనిచేసే పదార్థం ఏమిటో అప్పటికి తెలియదు. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగు జబ్బుకు పోగొట్టుకున్నాడు, కొద్ది రోజుల తేడాలోనే. తనకూ ఆ జబ్బు వచ్చి బతికి బయటపడ్డాడు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకు అదే మందైంది. ఇవాళ మన ఆశ అక్క సంచీలో ఉన్న ఎర్రగోలీలో సగం కథ అదే. వండిన ఆకుకూరలో మిగిలే ఫోలేట్ కంటే ఆ గోలీలోని ఫోలిక్ ఆమ్లమే ఒంటికి ఎక్కువ పడుతుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, రక్తంలో హిమోగ్లోబిన్ ఏడు గ్రాములకు పడిపోయిన గర్భిణి విషయంలో ఆ సామెత అక్షరాలా నిజం.

అలాగని మెడికల్ షాపు మల్టీవిటమిన్‌కు మేం వకాల్తా పుచ్చుకోవడం లేదు. అమెరికాలో యాభై దాటిన 14,641 మంది మగ డాక్టర్లకు పదేళ్లకు పైగా రోజూ మల్టీవిటమిన్ గానీ ఉత్త గోలీ గానీ ఇచ్చి చూశారు. 2012లో ఫలితాలు చెప్పారు. గుండెపోట్లు తగ్గలేదు, క్యాన్సర్లు మాత్రం కొద్దిగా తగ్గాయి. తిండికి లోటులేని డాక్టర్లలోనే అంతంతమాత్రం. ఫిన్లాండు సంగతి ఇంకా ఘోరం. పండ్లు, కూరగాయలు బాగా తినేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని గమనించి, వాటిలో ఉండే బీటా కెరోటిన్‌ను విడదీసి, పొగతాగే 29 వేల మంది మగవాళ్ల మీద పరీక్షించారు. 1994లో లెక్క తేలింది: గోలీ మింగినవాళ్లలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. తునికాకు కోసే ఊళ్లు మనవి, బీడీ చుట్ట తాగే పెద్దలు మన ప్రతి వాకిట్లో ఉన్నారు. వాళ్లకు "యాంటీ ఆక్సిడెంట్" అంటూ ఎవరైనా గోలీలు అంటగడితే ఫిన్లాండు సంగతి గుర్తుచేయండి. కూరలో ఉన్నంతసేపు మేలు చేసింది, విడదీసి మోతాదు పెంచితే అదే పని చేస్తుందన్న గ్యారంటీ లేదు.

గోలీ ఎవరికి కావాలన్నది రక్తపరీక్ష చెప్పాలి గానీ అమ్మేవాళ్లు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. 2022 డిసెంబరులో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న తొమ్మిది జిల్లాల్లో మన భద్రాద్రి కొత్తగూడెం ఒకటి, అదీ ఈ కారణంగానే. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత. ఏడు కంటే తక్కువుంటే గోలీ కూడా చాలదు, పెద్దాసుపత్రిలో చేర్చి ఐరన్ సూదో రక్తమో ఎక్కించాలి. అలాంటామె "సారం" తాగుతూ నెల రోజులు ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో విడమరిచి రాయక్కర్లేదు.

ఇంకో మాట. రక్తం తక్కువ అన్నంత మాత్రాన ఇనుము తక్కువని కాదు. కోయ గూడేల్లో పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు సికిల్‌సెల్ ఉంది. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం మనలాంటి ప్రాంతాల కోసమే. ఆ జబ్బున్న వాళ్లకు కావలసిన వైద్యం వేరు. కొందరికి కొంకి పురుగులు పేగుల్లో కూర్చుని రక్తం పీలుస్తాయి, వాళ్లకు ముందు అల్బెండజోల్ కావాలి. మరికొందరిది మలేరియా. ఇన్ని కారణాలకు ఒకే డబ్బా చూపించేవాళ్లను ఏమనాలో మీరే చెప్పండి.

మరి ఎర్రగోలీ ఉచితంగా ఇస్తుంటే గోడ సందుల్లోకీ దూలాల మీదకీ ఎందుకు పోతోంది? వికారం వస్తుంది, దొడ్డికి నల్లగా అవుతుంది, భయమేస్తుంది. నల్లగా అవడం మామూలే, ఇనుము రంగు అది. రాత్రి అన్నం తిన్నాక వేసుకుని పడుకుంటే వికారం చాలామటుకు తగ్గుతుంది. చాయ్‌తో కలిపి వేసుకోవద్దు, ఇనుమును చాయ్ కట్టేస్తుంది. నిమ్మకాయ నీళ్లతోనో, ఉసిరికాయ కొరికో వేసుకుంటే బాగా పడుతుంది. ఈ నాలుగు ముక్కలు గోలీ ఇచ్చేటప్పుడే కూర్చోబెట్టి చెబితే సగం గోలీలు దూలం ఎక్కవు. ఏఎన్ఎం అమ్మలకు రిజిస్టర్ల పని తగ్గించి ఈ మాట చెప్పే తీరిక ఇవ్వాలని వైద్యారోగ్య శాఖను అడుగుతున్నాం.

ఇక తిండి. మనకేం తక్కువ? తొలకరి పడగానే బోడకాకర, వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు. ఎండాకాలం చింతచిగురు, ఇప్పపువ్వు, తునికి పండ్లు, మోరి పండ్లు. చలికాలం ఉసిరి, రేగు. చేలో ఎవరూ విత్తకుండానే మొలిచే తోటకూర, తుమ్మికూర, చెంచలికూర. ఒక్క ఉసిరికాయలోనే విటమిన్ సి దండిగా ఉంటుంది. ఇదంతా పేదవాళ్ల తిండి అని మన పిల్లలే మొహం తిప్పుకుంటున్నారు. అదే ఆకును పొడి చేసి డబ్బాలో పోస్తే చేతులు జోడించి కొంటున్నాం.

కానీ చేలో కూర ఇప్పుడు నిజంగానే తగ్గిపోయింది. పత్తిలో కలుపు కూలీలు దొరకడం లేదని గడ్డిమందు కొడుతున్నాం. కలుపుతో పాటు తుమ్మికూరా పోయింది, తోటకూరా పోయింది. మా అమ్మమ్మల కాలంలో కలుపు తీసి ఇంటికొచ్చే ఆడమనిషి ఒడి నిండా కూర తెచ్చేది. ఇప్పుడు కలుపుమందు డబ్బాకు ఒకసారి, బలం డబ్బాకు ఇంకోసారి డబ్బులు కడుతున్నాం. చేనంతా మందు మానమని చెప్పే ధైర్యం మాకు లేదు, రైతు కష్టం తెలుసు. గట్లు, ఇంటి చుట్టుపక్కల, చెరువు కట్టలు మాత్రం వదిలేయండి. మందు కొట్టిన చోట కూర కోయకండి.

మునగ ఒక్కటి వాకిట్లో ఉంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. కొమ్మ గుచ్చితే బతుకుతుంది. ఆకు ఎక్కువైనప్పుడు పొడి చేసుకోండి. కడిగి, నీడలో పల్చగా పరిచి, చేత్తో నలిపితే గలగలలాడేదాకా ఆరనివ్వాలి. ఎండలో పెడితే ఆకు రంగూ పోతుంది, కెరోటినూ పోతుంది. నువ్వులు, ఎండుమిర్చి, ఎల్లిపాయ, కాస్త చింతపండు విడివిడిగా వేయించి, ఆకు కలిపి దంచుకుంటే నెలంతా వేడి అన్నంలోకి, జొన్నరొట్టెలోకి వస్తుంది. ఆరబెట్టిన ఆకులో విటమిన్ సి పెద్దగా మిగలదు కాబట్టి తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి. గుడ్డు, చేప, పాలు మానకండి. బీ12 అనే విటమిన్ ఏ ఆకులోనూ లేదు, ఏ పండ్ల సారంలోనూ సహజంగా రాదు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు పెట్టే గుడ్డు, పాలు ఇంటికి మోసుకెళ్లి మగపిల్లాడికి పెట్టకుండా అక్కడే తాగి, తిని రండి. కోప్పడినా సరే, ఇది చెప్పక తప్పదు.

ఈ తయారీ మన ఆడవాళ్లకు కొత్త కాదు. గిరిజన సంక్షేమ శాఖ, ఇక్రిశాట్ కలిసి నడిపిన గిరిపోషణలో జొన్నల తినుబండారాలు చేసింది ఆదివాసీ మహిళల బృందాలే. భద్రాచలం అక్కల చిరుధాన్యాల బిస్కెట్ల గురించి 2025 జూన్‌లో ప్రధాని రేడియోలో కూడా చెప్పారు. లండన్ దాకా పోయే సరుకు టేకులపల్లి అంగన్‌వాడీకి ఎందుకు రాకూడదు? సర్కారు న్యూట్రిషన్ కిట్లలో కంపెనీ పొడి డబ్బా బదులు మన సంఘాల మునగాకు పొడి, ఇప్పపువ్వు లడ్డు పెట్టాలని భద్రాచలం ఐటీడీఏను అడుగుదాం. బోడు, సులానగర్, కోయగూడెం, ముత్యాలంపాడు, ఎక్కడి సంఘమైనా ముందుకు రావచ్చు.

డబ్బాలు అమ్మేవాళ్లు పరాయివాళ్లు కారు. మన మేనత్త కూతురో, మన బడిలో చదివి ఉద్యోగం దొరకని పిల్లోడో. వాళ్ల మీద కోపం వద్దు, వాళ్లూ పెట్టుబడి పెట్టి ఇరుక్కున్నవాళ్లే. కోపం చైన్ మీద ఉండాలి. మొక్కల నుంచి తీసిన సప్లిమెంట్లు కూడా అమ్మే ఆమ్వే కంపెనీ విషయంలో 2007లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ చేర్పింపు పద్ధతి 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కిందికి వస్తుందని తేల్చింది. 2022లో ఈడీ (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) ఆ కంపెనీ ఆస్తులు 757 కోట్ల పైచిలుకు అటాచ్ చేసింది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం చేరడానికి ఫీజు అడగకూడదు. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా మన ఒప్పుదల తీసుకోకుండా ఇంటికి రాకూడదు. సప్లిమెంట్ డబ్బా మీద అది మందుగా వాడేది కాదని ముద్రించి ఉండాలి. షుగరు దిగుతుందని చెప్పి అమ్మే మనిషి తన డబ్బా మీద రాసినదానికే ఎదురు మాట్లాడుతున్నాడు. వాళ్ల మాట విని బీపీ గోలీ, షుగర్ గోలీ ఆపినవాళ్లు ఉంటే ఈ రోజే మళ్లీ మొదలుపెట్టండి.

మనది షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 పెసా చట్టం ఊరి సంతల నిర్వహణ మీద, అప్పుల వ్యవహారం మీద గ్రామసభకూ పంచాయతీకీ అధికారం ఇచ్చింది. వచ్చే గ్రామసభలో ఈ తీర్మానాలు పెట్టండి: సంఘం మీటింగుల్లో, అంగన్‌వాడీలో, బడిలో సప్లిమెంట్ల అమ్మకం ఉండకూడదు. సంఘం అప్పు, స్త్రీనిధి అప్పు వాటికి ఇవ్వకూడదు. సంతలో రోగాలు నయమవుతాయని చెప్పి డబ్బాలు అమ్మనివ్వకూడదు. మూడు నెలలకోసారి ఊళ్లోనే ఆడవాళ్లందరికీ, బడి పిల్లలకూ రక్తపరీక్ష, అవసరమైన చోట సికిల్‌సెల్ పరీక్ష జరగాలి. ప్రతి అంగన్‌వాడీ ఆవరణలో ఉపాధి హామీ కింద మునగ, ఉసిరి, జామ నాటాలి.

ఇప్పటికే కొన్నవాళ్లు సిగ్గుపడి దాచుకోకండి. డబ్బా, బిల్లు తీసుకుని సంఘం మీటింగుకు రండి. బిల్లు ఇవ్వకపోతే అమ్మినవాళ్ల దగ్గర రాయించుకోండి. డబ్బు వెనక్కి ఇవ్వమంటే ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోన్‌లో చెప్పడం రాకపోతే మీటింగులోనే స్పీకర్ పెట్టి అందరం కలిసి చేద్దాం.