మందకు లేని చోటు టెంటుకు ఎక్కడిది?

డిసెంబరు నెలలో ఏ శనివారమైనా సాయంత్రం అడ్డరోడ్డు జంక్షన్లో అరగంట నిలబడి చూడండి. విశాఖ వైపు నుంచి కొన్ని, తుని వైపు నుంచి కొన్ని, కార్లూ బైకులూ హైవే దిగి నర్సీపట్నం రోడ్డు పడతాయి. కారు మీద చుట్టి కట్టిన టెంట్లు, బైకు వెనక దుప్పట్ల మూటలు. అందరిదీ ఒకటే దారి, లంబసింగి. తెల్లారేసరికి మంచు చూడాలి. ఆ రోజుల్లో పైన రూములు దొరకవు, దొరికినా సామాన్యుడు ఇచ్చుకోలేడు. అందుకని టీ కొట్టు దగ్గర ఆగి మన కుర్రాళ్ళను అడుగుతారు: "బ్రదర్, పైన ఫ్రీగా టెంటు వేసుకునే చోటు ఎక్కడుంది? ఫారెస్టు ల్యాండ్ ఏదైనా ఖాళీగా ఉందా?"

అదే జంక్షన్ని వానాకాలం మొదట్లో ఇంకో బాటసారి దాటుతాడు. భుజాన గొంగళి, చేతిలో కర్ర, ముందు నూటయాభై జీవాలు, వెనక ఒక కుక్క. పల్లంలో దమ్ములు మొదలయ్యాయి, గరువుల్లో విత్తనం పడింది, ఇక కింద మేత లేదు. కొండవాలుకు తోలుకుపోవాలి. అతను అడిగేదీ ఇంచుమించు అదే ప్రశ్న. ఈ రాత్రి మంద ఎక్కడ దింపాలి? అతనికి జవాబు చెప్పేవాడు లేడు.

ఈ నెల మేము రాయదలచుకున్నది ఈ రెండు ప్రశ్నల గురించే. కొండమీద టెంట్లతో రైతు సంఘానికి ఏం పని అని కొందరు సభ్యులు నవ్వవచ్చు. పనుంది. సర్కారు అడవిలో ఒక రాత్రి ఉచితంగా పడుకునే హక్కు ఎవరికుంది, ఆ చోటు ఎవరు చూపించాలి అన్నది తేలితే దానితోపాటు మన పశువుల మేత కూడా తేలుతుంది.

ముందు చట్టం మాట. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 20వ సెక్షన్ ప్రకారం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా అడుగు పెట్టడం, పశువులు మేపడం, నిప్పు రాజేయడం నేరం. ఫ్రీ చోటు వెతుక్కుంటూ వెళ్ళి టెంటు వేసి, చలి మంట వేసుకున్న కుర్రాడు ఒక్క రాత్రిలో అందులో రెండు నేరాలు చేసినట్టు. మంద దింపి చోడి అంబలి కాచుకున్న కాపరి మూడూ చేసినట్టు. కాగితం మీద ఇద్దరూ దొంగలే. కొండ దగ్గర మాత్రం ఇద్దరినీ ఒకలా చూడరు. మా సంఘ సభ్యుడైన ఒక కాపరి పోయిన వానాకాలం కొండ కింద రెండు రాత్రులు మంద దింపినందుకు రెండు మేకపోతుల ఖరీదు జరిమానా కట్టి వచ్చాడు. "టెంటు వేసుకున్నోళ్ళకి దారి చూపించినారు బాబూ, నాకు చీటీ ఇచ్చినారు" అన్నాడు. చీటీ కూడా దాచుకున్నాడు, చూపించాడు.

ఇది కొత్త గొడవేమీ కాదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. అప్పటిదాకా ఊరిదిగా ఉన్న కొండ ఆ చట్టంతో సర్కారుదైపోయింది. మేతకు పుల్లరి కట్టమన్నారు, పోడు కొట్టవద్దన్నారు, కట్టెపుల్లకు లెక్క అడిగారు. పల్నాట రైతులు పుల్లరి కట్టమని తిరగబడ్డారు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపింది ఆ పన్ను కోసమే. అదే ఏడాది ఆగస్టు 22న మన పైనున్న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. నర్సీపట్నం నుంచి పైకి వేసిన రోడ్డుకు మన్యం జనం చేత వెట్టి చేయించుకోవడం ఆ కోపానికి ఒక కారణం. ఈ రోజు మంచు చూడటానికి కార్లు ఎక్కుతున్న దారి వెనక ఆ కథ ఉంది.

ఇక "ఖాళీ" అన్న మాట దగ్గరికి వద్దాం. లంబసింగి చుట్టుపక్కల గానీ, పాడేరు దగ్గర వంజంగి కొండ మీద గానీ కింద నుంచి వచ్చినవాడి కంటికి ఖాళీగా కనిపించే నేల చాలానే ఉంటుంది. దున్నిన చాలు లేదు, గట్టు లేదు, కంచె లేదు. కానీ ఆ చెట్ల నీడలో ఉన్నది కాఫీ. సిల్వర్ ఓక్ మానుల మీద పాకింది మిరియం. కాఫీ పళ్ళు కోసేది నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా, అంటే టెంట్లు దిగే రోజుల్లోనే. చదునుగా, శుభ్రంగా ఉందని టెంటు వేసుకున్న జాగా పళ్ళు ఎండబోసే కల్లం అవుతుంది. పచ్చగా పూసిందని ఫోటో కోసం దిగిన చేను వలిసెలు. తొక్కిన మేరా గింజ రాదు. కొన్నిచోట్ల రైతులు ఫోటోకు పదీ ఇరవై తీసుకుంటున్నారని పట్నం వాళ్ళు వెక్కిరిస్తున్నారు. నూనెగింజ చేను తొక్కించుకుని పదిరూపాయలు తీసుకున్న రైతు అత్యాశపరుడా?

గెడ్డ సంగతి ఇంకా పెద్దది. టెంటు వేసేవాడు నీళ్ళ పక్కనే చోటు చూసుకుంటాడు, అది సహజం. ఆ ఊట గెడ్డే కింద ఊరికి తాగునీరు. చాలా గూడేల్లో పైనుంచి గొట్టం వేసుకుని ఆ నీళ్ళే దింపుకుంటారు. పొద్దున్నే ఇరవై టెంట్ల జనం ఆ గెడ్డ ఒడ్డున ఏం చేస్తారో రాయనక్కరలేదు. వెళ్ళేటప్పుడు వదిలేసిన పలావు కవర్లు ఆవులు మేస్తాయి. పగిలిన సీసా పెంకులు చెప్పుల్లేని కాళ్ళలో దిగుతాయి. ఇదంతా పైవాళ్ళ బాధ, మనకెందుకు అనుకోవద్దు. ఆ బైకుల్లో మన మండలం కుర్రాళ్ళూ ఉన్నారు. మన కమిటీ సభ్యుల కొడుకులే ఉన్నారు. మంట ఆర్పకుండా వచ్చేశామని సిగ్గుపడుతూ చెప్పినవాడు ఒకడు మా ఇంటివాడే.

దీని మీద సంఘంలో మాకు మాకే వాదన జరిగింది. టెంట్లు పూర్తిగా నిషేధించమని తీర్మానం చేద్దామని కొందరన్నారు. మేము ఒప్పుకోలేదు. ఎందుకంటే, అడవిలో రాత్రి ఎవరూ ఉండకూడదన్న నిషేధం వస్తే అది మొదట పడేది కారు మీద కాదు, గొంగళి మీద. నూట నలభై ఏళ్ళుగా జరిగింది అదే. పట్నం కుర్రాడు రూముకు డబ్బు పెట్టలేక ఆకాశం కింద పడుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. కొండ, చెరువు, సముద్రపు ఒడ్డు డబ్బున్నవాడు మాత్రమే చూడాలన్న సిద్ధాంతం మనది కాదు. మన రేవుపోలవరం ఇసుకలో సరుగుడు తోట నీడన ఒక కుటుంబం రాత్రి ఉండిపోతే మత్స్యకారులు ఏనాడూ పొమ్మనలేదు. వలలు ఆరేసే చోటు, పడవ లాగే దారి వదలమన్నారు, అంతే. ఆ "అంతే"లోనే మనకు కావలసిన చట్టం ఉంది.

ఆ చట్టం రాసుకున్న దేశాలు ఉన్నాయి. నార్వేలో 1957 నుంచి బయలు భూమి మీద ఎవరైనా టెంటు వేసుకోవచ్చు, రుసుము లేదు. కానీ ఇంటికి 150 మీటర్ల దూరం ఉండాలి, రెండు రాత్రులు దాటితే భూమి యజమానిని అడగాలి, ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా అడవిలో మంట వేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, సాగు భూమి వేరు, బయలు వేరు అని చట్టమే విడదీసింది. సాగు భూమిలో ఈ హక్కు చెల్లదు. అమెరికా జాతీయ అడవుల్లో చాలాచోట్ల ఏ సౌకర్యమూ లేని చోట 14 రోజుల దాకా ఉచితంగా ఉండనిస్తారు. నీటికి అరవై మీటర్ల దూరం పాటించమంటారు. అదే అడవుల్లో పశువుల పెంపకందారులకు మేత పర్మిట్లు కూడా ఉంటాయి. ఆ అడవులు అక్కడి ఆదివాసుల నుంచి గుంజుకున్నవే, దాన్ని మెచ్చుకోవడానికి మేము రాయడం లేదు. మేతా, టెంటూ ఒకే అడవిలో పక్కపక్కన ఉండవచ్చన్నంత వరకే చూడమంటున్నాం.

మన దగ్గర చట్టం లేక కాదు. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(డి) చూడండి. మేత హక్కు, ఊళ్ళో ఉండి మేపుకునే వాళ్ళదైనా, మందతో తిరిగే వాళ్ళదైనా, కాలాన్ని బట్టి అడవిని వాడుకునే సంచార కాపరులదైనా, సామూహిక హక్కుగా రాసి ఉంది. అంటే మంద దిగే చోటు హక్కుగా నమోదు కావచ్చు. కానీ ఆదివాసీ కాని కాపరి ఆ హక్కు అడగాలంటే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, ఆ అడవిని నమ్ముకుని అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. తాత ఏ బండ మీద పడుకున్నాడో కాగితం తెమ్మంటే ఏ కాపరి తేగలడు? టెంటు అద్దెకు తీసుకునేవాడు ఆధార్ కార్డు చూపిస్తే చాలు.

ఇంకొకటి గమనించాలి. అదే చట్టం 3(2)లో ఊరి అవసరాలకు అడవి నేల ఇవ్వదగిన 13 పనుల జాబితా ఉంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, చెరువు, రోడ్డు వగైరా. అందులో టూరిస్టు విడిది లేదు. ఆ జాబితాలోని పనికి కూడా గ్రామసభ సిఫారసు కావాలి. కేంద్రం 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, అటవీ ప్రణాళికలో చేర్చిన ఎకో టూరిజం ఏర్పాట్లను "అటవీయేతర పని" లెక్కలోంచి తీసేసింది. అంటే కాటేజీ కడితే అది అటవీ పని. మంద దిగితే నేరం. చెరువు తవ్వుకోవడానికి గ్రామసభ కావాలి, కాటేజీకి ప్రణాళికలో ఒక పంక్తి చాలు. రేపు ఈ దారిలో కాంట్రాక్టరు వస్తాడు. కొండ చుట్టూ తీగ కడతాడు. అప్పుడు ఫ్రీ చోటు అడిగే కుర్రాడూ ఉండడు, మందా ఉండదు. చింతపల్లి షెడ్యూల్డు ప్రాంతం, అక్కడ 1996 పీసా చట్టం గ్రామసభకు ఇంకాస్త బలం ఇస్తుంది. షెడ్యూల్డు ప్రాంతమన్న రక్షణకు విలువ ఎంతుందో 1997లో బొర్రా ప్రాంతపు గనుల మీద వచ్చిన సమతా తీర్పు చూపించింది. మన కొండవాలుకు ఆ రక్షణ కూడా లేదు.

టెంట్లు అద్దెకిచ్చి, బొంగు చికెన్ అమ్మి నాలుగు డబ్బులు చూస్తున్న ఆదివాసీ కుర్రాళ్ళ పొట్ట కొట్టమని మేము అనడం లేదు. వాళ్ళు సొంత పట్టా నేలలో టెంటు వేసి అద్దె తీసుకుంటే అది వాళ్ళ వ్యవసాయంలో భాగమే. టెంటుకు, కట్టెలకు, అన్నానికి డబ్బు తీసుకోవాలి. సర్కారు నేల మీద పడుకున్నందుకు మాత్రం ఎవరూ, అది కాంట్రాక్టరైనా ఇంకొకరైనా, డబ్బు అడగకూడదు. పుల్లరి వద్దన్నవాళ్ళం పడక పన్నుకు ఒప్పుకోలేం.

కాబట్టి మేము అడిగేది ఇది. కొండ మీద ఏ చోట రాత్రి ఉండవచ్చో, ఎన్ని టెంట్లో, ఏ నెలల్లోనో అక్కడి గ్రామసభ తేల్చాలి, బోర్డు పెట్టాలి. సాగులో ఉన్న నేల, ఆర్ఓఎఫ్ఆర్ పట్టా నేల, ఊట గెడ్డ దాపు వదిలెయ్యాలి. అదే తీర్మానంలో, అన్నిటికన్నా ముందు, మందలు నడిచే దారి, నీళ్ళు తాగే చోటు, రాత్రి దిగే చోటు రాయాలి. ఆ తర్వాతే టెంటు. అధికారులు ఈ క్రమం తిరగేస్తే మేము ఒప్పుకోం.

ఈ చలికాలం పైకి వెళ్ళే మన పిల్లలకు ఒక మాట. బోర్డులు పడేదాకా ఫ్రీ చోటు ఫోనులో వెతకవద్దు, రిజర్వు అడవిలోకి దూరవద్దు. పొద్దుండగానే ఊళ్ళోకి వెళ్ళి పెద్దమనిషినో వార్డు మెంబరునో అడగండి. "రాత్రికి ఉంటాం, ఎక్కడ వేసుకోమంటారు?" అంటే చూపిస్తారు. కట్టెలు వాళ్ళ దగ్గరే కొనండి, అడవిలో విరవకండి. మంట మీద నీళ్ళు పోసి, చేత్తో ముట్టి చూసి కదలండి.

కాపరులకు ఇంకో మాట. మన మండలం నుంచి కొండవాలుకు మంద తోలుకుపోయే ప్రతి కుటుంబం వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున్న అడ్డరోడ్డులో జరిగే మండల కమిటీ సమావేశానికి రావాలి. మీ తాతల కాలం నుంచి మంద దిగే బండలు, గెడ్డలు, దిబ్బల పేర్లు ఒక్కొక్కటే రాసుకుంటాం. జరిమానా చీటీలు ఉంటే పారేయకండి. ఫలానా ఏడు, ఫలానా కొండ కింద మీ మంద ఉందని సర్కారే రాసిచ్చిన కాగితం అది. 75 ఏళ్ళ రుజువు అవి ఇవ్వలేవు గానీ, లెక్క ఎక్కడో ఒక చోట మొదలవ్వాలి. ముసలివాళ్ళను తప్పకుండా వెంట తీసుకురండి, పేర్లు తెలిసింది వాళ్ళకే.