గుమాస్తా కబుర్లు: ఎడమ ప్రక్క అద్దం

మొన్న ఉగాదికి తిరువళ్ళూరులో మన సంఘ సమావేశం ముగిసి, పులిహోర పొట్లాలు పంచుతున్న వేళ, ఒక సోదరి వచ్చి నన్ను నిలదీశారు. "ఏమండీ, మీరు లారీ ఆఫీసులో పని చేస్తారట గదా! మా అబ్బాయి రోజూ స్కూటరు మీద అంబత్తూరుకు ఉద్యోగానికి పోయి వస్తాడు. వాడు ఇల్లు చేరేదాకా నాకు ముద్ద దిగదు. మీ లారీవాళ్ళకు అంత తొందర దేనికండీ?" అన్నారు. ఏదో సర్దిచెప్పి తప్పుకున్నాను. రైలులో తిరుత్తణికి తిరిగి వస్తూ ఆలోచిస్తే, ఆ ప్రశ్నకు జవాబు నాకు బాగా తెలుసుననీ, చెప్పడానికి సిగ్గుపడ్డాననీ తోచింది. ఈ నెల ఆ జవాబే వ్రాస్తున్నాను.

నా ఉద్యోగం లారీ నడపడం కాదు. లారీ ఎన్నింటికి బయలుదేరాలో, ఎన్నింటికి చేరాలో కాగితం మీద వ్రాయడం. దానిని ట్రిప్ షీటు అంటాము. చేరవలసిన వేళకు చేరకపోతే "డ్రైవరు అలసత్వము" అని ఎర్రసిరాతో వ్రాసి, బత్తాలో కొంత తగ్గించడమూ నా పనే. ఫ్యాను క్రింద కూర్చుని ఎన్నేళ్ళు ఆ ఎర్రసిరా వాడానో లెక్కలేదు.

2017 ఫిబ్రవరిలో ఒకనాడు మా యజమాని నన్ను పిలిచి, "రేవుకు పోయే బండ్లన్నీ ఆలస్యమే. దారిలో ఎక్కడ నిద్రపోతున్నారో నువ్వే కూడా వెళ్ళి చూసిరా" అన్నారు. మరునాడు ఒక ట్రెయిలరు ఎక్కాను. నలభై అడుగుల ఇనుప పెట్టె, దాని నిండా సరుకు. నడిపే ఆయన నగరి వైపు మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను చూసి నవ్వి, "ఏం సామీ, నువ్వు కూడా వస్తా ఉండావా? మంచిదే. కాగితం రాసినాయన బండెక్కేది ఇదే మొదటి తూరి" అన్నాడు.

మధ్యాహ్నం 12 గంటలకు సరుకు ఇస్తామన్న ఫ్యాక్టరీవారు 4 గంటలకు ఇచ్చారు. నా షీటులో మాత్రం "రాత్రి 8 గంటలకు రేవు గేటు" అని ముందుగానే వ్రాసి ఉంది. దానిని ఎవరూ మార్చలేదు. మార్చవలసినవాణ్ణి నేనే గనుక నాకు తోచలేదు.

తిరునిన్రవూరు, పట్టాభిరాం దాటి ఆవడి చేరేసరికి సాయంత్రపు రద్దీ. రద్దీ తగ్గేదాకా పెద్ద బండ్లు కదలరాదని ఆపివేశారు. బండి ప్రక్కన పెట్టి దాదాపు మూడు గంటలు కూర్చున్నాము. ఆ మూడు గంటలను యజమాని నిద్ర అనుకుంటున్నాడు! నిద్ర ఎక్కడిది? పెట్టెకు సీలు ఉన్నదా, టైరు వేడెక్కిందా అని డ్రైవరూ క్లీనరూ దిగి తిరుగుతూనే ఉన్నారు. నేను గడియారం చూస్తున్నాను. డ్రైవరన్న నన్ను చూస్తున్నాడు.

తొమ్మిదిన్నరకు పాడి చేరాము. అక్కడ ఎడమకు తిరిగి, రెట్టేరి, మాధవరం మీదుగా మణలి వైపు పోవాలి. "అన్నా, కాస్త తొందరగా పోనీ. ఇప్పటికే గంటన్నర ఆలస్యం" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఈ వ్యాసం వ్రాయడానికి అదే కారణం.

బండి మలుపు తిరుగుతున్నది. అంతలో ఎడమ కిటికీలోనుంచి తల బయటపెట్టిన క్లీనరు కుర్రవాడు "హోల్డాన్! హోల్డాన్!" అని అరుస్తూ తలుపు మీద దబదబ బాదాడు. బ్రేకు పడింది. నా తల ముందు అద్దానికి తగిలింది. దిగి చూస్తే, పెట్టెకూ రోడ్డు అంచు గోడకూ మధ్య ఒక స్కూటరు. దాని మీద ఒక తల్లి, వెనుక సంచి తగిలించుకున్న ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు. ట్రెయిలరు వెనుక చక్రానికీ పిల్లవాడి కాలికీ మధ్య జానెడు ఖాళీ ఉన్నదేమో! ఆ తల్లికి నోట మాట రాలేదు. పిల్లవాడు మాత్రం చక్రాన్ని వింతగా చూస్తున్నాడు.

వారిని పంపివేసి బండి ఎక్కిన తరువాత డ్రైవరన్న చేతులు వణకడం చూశాను. "సామీ, ఆ ఎడమ అద్దంలో ఏముందో చూడు" అన్నాడు. చూశాను. అద్దం నిండా ఇనుప పెట్టె గోడే. "మలుపులో అది పెట్టెనే చూపిస్తాది, మనిషిని చూపించదు. నాకు ఆమె కనబడలా. నేను తొందరపడింటే ఈ పొద్దు ఏమై ఉండును?" అన్నాడు. నేను బదులు చెప్పలేదు.

పాఠకులు ఈ సంగతి తెలుసుకోవాలి. పొడవైన బండి తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు. లోపలి వైపుకు జరిగి అడ్డదారిన వస్తాయి. అందుకే డ్రైవరు ముందు కొంచెం కుడికి పోయి, తరువాత ఎడమకు తిప్పుతాడు. ఎడమ వైపు అప్పుడు కనబడే ఖాళీని మనం దారి అనుకుంటాము. అది దారి కాదు, చక్రం రాబోయే చోటు. మరొక మాట. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. మనిషి చూసి కాలు బ్రేకు మీద వేసేలోపలే బండి అంత దూరం పోతుంది; ఆగడం ఆ తరువాతి మాట. వేగం 2 రెట్లయితే బ్రేకు పడ్డాక సాగే దూరం 4 రెట్లవుతుంది. లారీ ముందు ఖాళీ కనబడగానే దూరే స్కూటరు, ఆ డ్రైవరు ప్రాణంగా కాపాడుకుంటున్న దూరాన్ని దోచుకుంటున్నదన్నమాట.

ఆ రాత్రి కథ అంతటితో ముగియలేదు. ఎన్నూరు రోడ్డు చేరేసరికి రేవు గేటు కోసం బండ్ల బారు. తిరువొత్తియూరు, కాశిమేడు దాటడానికి తెల్లవారింది. గేటు లోపలికి పోయినది 5 గంటలకు. మధ్యాహ్నం 12 గంటలకు పనిలోకి వచ్చిన మనిషి 17 గంటలు పనిలోనే ఉన్నాడు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది అందులోని మాట. ఆ చట్టం అచ్చుప్రతి మా ఆఫీసు బీరువాలోనే ఉన్నది. దుమ్ము దులిపి చదివినది ఆ మరునాడే.

అసలు ఇంత పెద్ద బండి ఊరి నడుమ ఎందుకు పోవాలి? మద్రాసు రేవు కోట ప్రక్కన, పాత ఊరిని ఆనుకుని ఉన్నది. 1983లో పెట్టెల కోసం అక్కడ ప్రత్యేక ఘట్టం కట్టారు. ఊరు పెరిగింది, పెట్టెలు పెరిగాయి, మధ్య రోడ్డు మాత్రం పెరగలేదు. మధురవాయల్ నుంచి రేవుకు పైవంతెన దారికి 2009లో శంకుస్థాపన జరిగింది. 2012లో పని ఆగిపోయింది. 2022లో మళ్ళీ శంకుస్థాపన జరిగింది. ఈలోగా వండలూరు నుంచి మీంజూరు దాకా 62 కిలోమీటర్ల బయటి వలయ రోడ్డు 2021లో పూర్తి అయినది. మన తిరువళ్ళూరు బండ్లు ఇప్పుడు నెమిలిచ్చేరి దగ్గర దాని మీదికి ఎక్కి, ఆవడి, పాడి తప్పించుకుని పోవచ్చు. కాట్టుపల్లి రేవు 2013లో వచ్చి కొంత బరువు పంచుకున్నది. ఇవి మేలే. అయినా ఊళ్ళోని అంగళ్ళకు బియ్యం, సిమెంటు, ఇనుము రావలసినది లారీలోనే గదా!

ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. క్రీస్తుకు పూర్వం 45 ప్రాంతంలో, జూలియస్ సీజరు పేరిట చెప్పే చట్టం ఒకటి రోము నగరంలో పగటిపూట సరుకు బండ్లు తిరగరాదన్నది. బండ్లు రాత్రికి మారాయి. తరువాత రాత్రి నిద్ర లేదని జనం మొత్తుకున్నారు. లండనులో మరొక విధం: డ్రైవరు సీటులోనుంచి నేరుగా ఎంత మేర కనబడుతుందో చూసి, పెద్ద లారీలకు నక్షత్రాలు ఇస్తారు. చాలినన్ని నక్షత్రాలు లేని బండికి అదనపు రక్షణ సాధనాలు పెట్టాలి, లేకుంటే జరిమానా. 2021 నుంచి ఇది గట్టిగా అమలులో ఉన్నది. మన వద్ద ఆ నక్షత్రం, కిటికీలో తల పెట్టిన క్లీనరు కుర్రవాడే. ఖర్చు తగ్గుతుందని వాడిని మానిపించే యజమానులు ఈ సంగతి ఆలోచించాలి.

మరునాడు రిజిస్టరులో "ఆలస్యమునకు కారణము" అన్న గడిలో "ఆఫీసు: సరుకు 4 గంటలు ఆలస్యముగా అందినను, చేరవలసిన వేళ మార్చలేదు" అని వ్రాశాను. నల్లసిరాతోనే. యజమాని చదివి, "బత్తా వాడికిచ్చానా, నీకిచ్చానా?" అన్నారు. ఆ నెల నా జీతంలో కొంత తగ్గింది. ఇంట్లో చెప్పుకోవడానికి ఇబ్బంది పడ్డాను. విని మా ఆవిడ, "ఆ పిల్లవాడి కాలికంటే ఎక్కువా?" అని ఊరుకున్నది.

అప్పటినుంచి నేను షీటులో చేరవలసిన వేళ ముందుగా వ్రాయను. సరుకు చేతికందిన తరువాతనే లెక్కకట్టి వ్రాస్తాను. డ్రైవరు అంతకుముందు ఎన్ని గంటలు నడిపాడో అడిగి, ప్రక్కన వేస్తాను. యజమాని అన్నిటికీ ఒప్పుకోలేదు. రాత్రంతా నడిపినవాణ్ణి మర్నాడే మళ్ళీ పంపమన్నప్పుడు ఇప్పటికీ మాటామాటా అనుకుంటూనే ఉన్నాము. కొన్నిసార్లు నేను ఓడిపోతున్నాను.

కాబట్టి అమ్మా, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. లారీవాడి తొందర లారీలో పుట్టలేదు. నా వంటి గుమాస్తా బల్ల మీద, సరుకు ఆలస్యంగా ఇచ్చి త్వరగా చేరాలనే ఫ్యాక్టరీలో, ఈరోజే కావాలని టెలిఫోను చేసే మన ఇళ్ళలో పుట్టింది. మీ అబ్బాయికి ఒక్క మాట చెప్పండి: లారీ అద్దంలో డ్రైవరు ముఖం నీకు కనబడకపోతే, నువ్వు అతనికి కనబడవు. ఎడమ వైపు ఎంత ఖాళీ ఉన్నా దూరవద్దు. ఎదుట ముక్కు క్రింద నిలవవద్దు. ఒక్క నిమిషం ఆగితే ఆఫీసులో ఎవరూ ఎర్రసిరాతో వ్రాయరు.

ఒకవేళ వ్రాస్తే, ఆ గుమాస్తాకు ఈ పత్రిక చూపించమనండి.