పేరు తెలియని జ్వరమా? పేరు అడగని డాక్టరా?

పొద్దున ఆడుకున్న పిల్లకు మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతుంది. సాయంత్రం వాంతులు, రాత్రికి ఫిట్స్. తెల్లారేసరికి స్పృహ ఉండదు. ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెల్లో ఇట్లాంటి జ్వరాన్ని మనం గాలి సోకిందంటాం. దవాఖానలో మలేరియా అంటారు, కాకపోతే మెదడువాపు అని చీటీ మీద రాస్తారు. మనకు తెలియదు సరే, చదువుకున్న డాక్టరుకు ఏం తెలుసు? తెలియనప్పుడు ఏం చేస్తున్నాడు? మేము అడిగేది ఇదే.

2003 జూన్ నుంచి ఆగస్టు దాకా కరీంనగర్, వరంగల్ మొదలైన జిల్లాల్లో ఇట్లాంటి జ్వరమే పిల్లల్ని ఊడ్చుకుపోయింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో లెక్కకు వచ్చిన పిల్లలు 329 మంది. అందులో 183 మంది చనిపోయారు. పుణెలోని జాతీయ వైరస్ పరిశోధన సంస్థ నమూనాలు చూసి చాందీపుర వైరస్ అని చెప్పింది. అది అప్పుడు పుట్టింది కాదు. 1965లోనే నాగపూర్ దగ్గరి చాందీపుర ఊళ్ళో జ్వరం వచ్చినవాళ్ళ రక్తంలో దొరికింది. 38 ఏళ్ళు పుస్తకాల్లో పడుకుంది. మన పిల్లలు పోయాకగాని డాక్టర్లు ఆ పేజీ తిప్పలేదు.

అప్పుడు కొందరు పిల్లల డాక్టర్లు ఇది మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాల జబ్బు అని వాదించారు. అట్లాంటి వాదన మంచిదే. తెలియదని ఒప్పుకున్నచోటే అది పుడుతుంది. 2005, 2006లలో ఉత్తర తెలంగాణలో ఈ వైరస్ మళ్ళీ కనిపించింది. 2024లో గుజరాత్ పల్లెల్లో పిల్లల్ని చంపింది. పోయిందనుకుని నిద్రపోయే జబ్బు కాదిది.

దీన్ని మోసేది ఇసుక ఈగ. దోమకంటే చిన్నది, చప్పుడు చెయ్యదు. మట్టి గోడల నెర్రెల్లో, పశువుల కొట్టాల్లో బతుకుతుంది. మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. ఈగ కులం చూడదు, గోడ చూస్తుంది. నెర్రెల గోడలు మాత్రం కులం చూసే మన మాదిగ గూడేలకు, మాలపల్లెలకు, కోయ గుంపులకు మిగిలాయి.

ఇక డాక్టరు తీరు. బిడ్డను ఎత్తుకుపోయిన తల్లికి ముందు దొరికేది తిట్టు. "మంత్రగాడి దగ్గర తిప్పి చచ్చేముందు తెస్తారు, మీ గూడెం శుభ్రముండదు" అంటారు. ఎప్పుడు జ్వరం మొదలైంది, ఎన్నిసార్లు ఫిట్స్ వచ్చాయి అని అడిగే ఓపిక ఉండదు. ఆమె చెప్పేది విననివాడికి జబ్బు ఎట్లా తెలుస్తుంది? 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం దళితుల్ని, ఆదివాసుల్ని దవాఖానలోకి రానివ్వకుండా అడ్డుకోవడం నేరం. లోపలికి రానిచ్చి ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా పంపేదాన్ని ఏమనాలి?

మలేరియా చూడటం తప్పు కాదు. ఏజెన్సీలో ముందు అదే చూడాలి. అది లేదని తేలాక ఆగిపోవడమే తప్పు. "మందు లేని జబ్బుకు పేరెందుకు?" అనే డాక్టర్లకు మా జవాబు ఇది. చాందీపురకు మందు లేదు, టీకా లేదు, నిజమే. అయినా ఫిట్స్ ఆపొచ్చు, జ్వరం దించొచ్చు, రక్తంలో చక్కెర చూడొచ్చు, ఊపిరి నిలబెట్టొచ్చు. పేరు తేలితే గూడెంలో గోడలకు మందు కొడతారు, పక్కింటి పిల్ల బతుకుతుంది. పేరు రాయని చావు లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని చావుకు సర్కారు కదలదు.

అందుకే అడుగుదాం. ప్రతి వానాకాలం ముందు ఏజెన్సీ డాక్టర్లకు, నర్సులకు ఈ జబ్బు మీద శిక్షణ ఇవ్వాలి. జ్వరంతో ఫిట్స్ వచ్చిన ప్రతి బిడ్డ నమూనా పరీక్షకు పంపాలి, ఫలితం తల్లిదండ్రులకు చెప్పాలి. నెర్రెల గోడలు పూడ్చి, పక్కా ఇళ్ళు కట్టించాలి.

మన పని మనం చేద్దాం. ఫిట్స్ వచ్చిన బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, నీళ్ళు ఏవీ పెట్టొద్దు. ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించేదాకా, వడ్డె వచ్చేదాకా ఆగొద్దు. 108కు ఫోన్ చెయ్యండి. ఫోన్ అందని గూడెంలో యువకులు బండి సిద్ధంగా ఉంచుకోండి. తల్లి ఒక్కతే పోతే కసురుతారు, నలుగురం వెంట పోదాం. "ఏం జబ్బు, ఏం పరీక్ష చేశారు, చీటీ మీద రాయండి" అని అడుగుదాం. అడగడం మన హక్కు. తెలియకపోతే తెలుసుకుని చెప్పడం వాళ్ళ ఉద్యోగం.

– సంపాదకవర్గం