పాట కింద పేరేది?

మొన్న మాఘమాసం పెళ్లిళ్లలో బోధన్ దగ్గర ఒక ఊళ్లో బరాత్ పోతోంది. డీజే బండి ముందు పిల్లలు ఎగురుతున్నారు. అరుగు మీద నా పక్కన కూర్చున్న పెద్దమ్మ చాయ్ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగింది. స్పీకర్లలో కొత్త పాట మొదలైంది. కాసేపు విని, "గిది మా అవ్వ పాట గదా బిడ్డా" అన్నది. ఆ మోతలో ఆ మాట నాకొక్కడికే వినపడింది.

ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి. చెరుకు కొట్టీ కొట్టీ, నాట్లు వేసీ వేసీ నడుము వంగిపోయింది. మూడేళ్ల కింద ఎవరో పిల్లలు ఫోన్లు పట్టుకుని వచ్చి "అమ్మా, ఒక్క పాట పాడవా" అంటే పాడింది. వచ్చినవాళ్లకు చాయ్ పోసి మరీ పాడింది. ఆ పాటే ఇది. ఇంటికొచ్చి యూట్యూబ్‌లో వెతికి చూశాను. సంగీతం ఒకరు, గానం ఒకరు, నృత్యం ఒకరు, ఎడిటింగ్ ఒకరు. డ్రోన్ ఎగరేసినవాడి పేరు కూడా ఉంది. సాహిత్యం అన్న చోట మాత్రం 'జానపదం' అని ఉంది. ఆమె పేరు లేదు. వాళ్ల అవ్వ పేరు లేదు. కనీసం ఊరి పేరు లేదు. అప్పటి నుంచి నాకు కడుపు మండుతూనే ఉంది.

ఆ పాట ఆమె నోట విన్నవాళ్లకే తెలుస్తుంది, పోయిందేమిటో. అది నాటు పాట. నాటు వేసేవాళ్లు వెనక్కి నడుస్తారు. ఎడమచేతిలో నారు, కుడిచేత్తో నాలుగు పోచలు విడదీసి బురదలో గుచ్చడం, ఒక అడుగు వెనక్కి వేయడం. పాటలో ప్రతి మాటా ఆ అడుగు కొలతకే తెగుతుంది. చేతిలో నారు అయిపోయినప్పుడు వెనక పడి ఉన్న కట్టను అందుకోవాలి కదా, అక్కడ ముందు పాడే ఆమె ఆగుతుంది. ఆ ఆగినంతసేపూ మిగతా వరుసంతా పాటను అందుకుని మోస్తుంది. నడుము వంచి పాడే పాట కాబట్టి ఊపిరి పొట్టిగా ఉంటుంది, గొంతు నేల వైపు పోతుంది. పెద్దమ్మ నాకు అరుగు మీద కూర్చుని పాడి వినిపించినప్పుడు కూడా, నారుకట్ట అందుకునే చోటు రాగానే ఆమె చెయ్యి దానంతట అదే వెనక్కి పోయింది. స్టూడియో పాటలో ఆ చోట ఒక్క క్షణం ఖాళీ లేదు, కీబోర్డుతో నింపేశారు.

ఇట్లాంటిది మన దగ్గరే జరిగిందనుకోవద్దు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో 1905లో పుట్టిన ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి గాయకుడు ఉండేవాడు. పొలాల్లో కూలి చేసి బతికినవాడు. ముప్పై ఏళ్లు వచ్చాక గిటారు పట్టాడు. 1946లో 'దట్స్ ఆల్ రైట్' అనే పాట కట్టి రికార్డు చేశాడు. 1954 జులైలో మెంఫిస్ పట్నంలో, సన్ స్టూడియోలో, రికార్డింగు మధ్య విరామంలో 19 ఏళ్ల కుర్రాడొకడు ఆ పాటను వేగం పెంచి సరదాగా ఎత్తుకున్నాడు. ఆ కుర్రాడు ఎల్విస్ ప్రెస్లీ. సన్ కంపెనీ అతని పేరుతో తెచ్చిన మొదటి రికార్డు అదే. రాక్ అండ్ రోల్ ఎప్పుడు పుట్టిందని అడిగితే చాలామంది ఆ రోజు మీదే వేలు పెడతారు. 1963లో బీటిల్స్ బృందం బీబీసీ రేడియోలో అదే పాట పాడింది. పాల్ మెకార్ట్‌నీ గొంతులో ఉన్న ఆ రికార్డింగు 1994లో ఆల్బమ్‌గా వచ్చి ప్రపంచమంతా అమ్ముడుపోయింది.

మరి క్రుడప్ ఏమయ్యాడు? తన పాటల మీద రావలసిన రాయల్టీ రాక, విసిగి, 1950లలోనే రికార్డింగులు మానేశాడు. బీటిల్స్ ఆ పాట పాడే నాటికి అతను ఎక్కడో పొలం పనుల్లో ఉన్నాడు. 1960లలో అభిమానులు వెతికి పట్టుకుని మళ్లీ పాడించారు. 1974లో చనిపోయాడు. న్యాయంగా రావలసిన డబ్బు బతికుండగా అతని చేతికి రాలేదు.

నాకు ఎల్విస్ మీద గానీ బీటిల్స్ మీద గానీ కోపం లేదు. ఎల్విస్ బాహాటంగానే క్రుడప్ గొప్పవాడని చెప్పాడు. బీటిల్స్ కుర్రాళ్లు లివర్‌పూల్‌లో చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ లాంటి నల్లజాతి గాయకుల పాటలు పాడి పాడే బీటిల్స్ అయ్యారు. ఒకరి పాట ఇంకొకరు పాడుకుంటేనే పాట బతుకుతుంది. మా నాటు పాటలు బతికింది కూడా అట్లాగే. అయితే ఒక్క సంగతి చూడండి. సన్ కంపెనీ రికార్డు లేబుల్ మీద ఎల్విస్ పేరుతోపాటు పాట కట్టినవాడిగా ఆర్థర్ క్రుడప్ పేరు అచ్చయింది. అందుకే ఇవాళ బోధన్‌లో కూర్చున్న నాకు ఆ పేరు తెలుసు. డబ్బు ఎగ్గొట్టినవాళ్లు కూడా పేరు తుడవలేదు. మన దగ్గర డబ్బు మాట దేవుడెరుగు, పేరుకే దిక్కు లేదు.

మాది పాటకు పేద నేల కాదు. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయింది. ఆ కాలువల కింద చెరుకు పెరిగింది. ఆ చెరుకు కోసం 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని మా పెద్దలు ఛాతీ విరిచి చెప్పేవాళ్లు. సీజన్‌లో చెరుకు బండ్లు మైళ్ల కొద్దీ బారులు తీరేవి. తమ వంతు వచ్చేదాకా రాత్రంతా బండ్ల కింద చలిమంటలు, చలిమంటల చుట్టూ పాటలు. కోస్తా నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న రైతులు, మరాఠీ మాట్లాడే సరిహద్దు ఊళ్ల కూలీలు, ఉర్దూ మాట్లాడే కార్మికులు, మా తెలంగాణ జనం ఒకే మంట దగ్గర కూర్చునేవాళ్లు. ఒక భాషలో మొదలైన పాటను ఇంకో భాషవాడు అందుకునేవాడు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో తాళం పడింది. ఫ్యాక్టరీ కోసం ధర్నాలు చేశాం, ఎన్నికల్లో హామీలు తీసుకున్నాం. అవన్నీ చేయాల్సినవే. ఆ బండ్ల దగ్గరి పాటల కోసం మాత్రం ఒక్కరమూ నోరెత్తలేదు.

ఇదే బోధన్ మండలంలో అమ్దాపూర్ ఉంది. చిందుల ఎల్లమ్మ ఊరు అది. చిన్నతనం నుంచి గజ్జె కట్టి ఊరూరా చిందు భాగవతం ఆడిన మహాతల్లి. ఆడవేషాలకు మగవాళ్లే గజ్జె కట్టే కాలంలో, ఆడవాళ్లే దర్జాగా అరుగెక్కి ఆడిన కళ చిందు. 2005లో ఆమె పోయింది. మా పట్నం కాలేజీ పిల్లలను పదిమందిని అడిగాను ఎల్లమ్మ ఎవరని. ఒక్కరు కూడా చెప్పలేదు. తప్పు పిల్లలది కాదు, చెప్పనిది మనం. ఇందూరు (నిజామాబాద్) ఖిల్లా జైలు గోడ మీద కవి దాశరథి బొగ్గుతో పద్యాలు రాశాడని మాత్రం అందరికీ తెలుసు. తెలియాలి కూడా, అది మా జిల్లా గర్వం. రాయగలిగినవాడికి జైలు గోడైనా దొరికింది. నోటితో పాడినవాళ్లకు ఏ గోడా దొరకలేదు.

సినిమావాళ్లకు మా యాస కావాలి. 'ఫిదా'లో బాన్సువాడ అమ్మాయి, 'లవ్ స్టోరీ'లో ఆర్మూర్ అబ్బాయి. చూసి మేమూ మురిసిపోయాం. ఆ 'లవ్ స్టోరీ'లోనే 2021లో 'సారంగ దరియా' వచ్చింది. సుద్దాల అశోక్‌తేజ రాసిన చరణాలు, మంగ్లీ గొంతు, సాయిపల్లవి ఆట, కోట్లమంది చూశారు. ఆ పాట పల్లవి ఎప్పటి నుంచో జనం నోట ఉన్నదే. అంతకుముందు టీవీ వేదిక మీద దాన్ని పాడిన ఒక అమ్మాయి నా మాటేమిటని అడిగింది. గొడవ వార్తల్లోకి ఎక్కాక గానీ ఆమెకు గుర్తింపు ఇస్తామన్న మాట రాలేదు. ఆ అమ్మాయికి టీవీ వీడియో సాక్ష్యంగా ఉంది కాబట్టి అడగగలిగింది. బోధన్ పెద్దమ్మకు ఏ సాక్ష్యం ఉంది?

జానపదానికి కర్త ఉండడు, అది అందరి సొత్తు అని పండితులు అంటారు. నేను ఒప్పుకోను. పాట దానంతట అది వానకు మొలవదు. మొదట ఎవరో ఒక తల్లి కట్టింది, తరవాత ఇంకో తల్లి ఒక చరణం కలిపింది. మొదటి తల్లి పేరు దొరకకపోవచ్చు. మీకు ఆ పాట ఇచ్చిన తల్లి పేరు మీకు తెలుసు కదా! ఆమె మీ ఎదురుగా కూర్చుని పాడింది కదా! ఆ ఒక్క పేరు రాయడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు. 'సేకరణ' అని మీ పేరు రాసుకోవడానికి చోటు దొరికినప్పుడు, ఎవరి దగ్గర సేకరించారో చెప్పడానికి ఎందుకు దొరకదు?

ఊళ్లకు ఫోన్లు పట్టుకుని వచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా విన్నపం ఇదే. పాడండి, డీజే పెట్టండి, వేగం పెంచుకోండి, మీ ఇష్టం. పాట మొదలయ్యే ముందు ఇచ్చినామె పేరు, ఊరు తెర మీద వేయండి. పైసలు వస్తే ఆమెకూ ఒక పాలు పంపండి. చానళ్లు నడిపేవాళ్లు పేరు లేని పాటను తీసుకోబోమని ఒక్క నియమం పెట్టుకోండి. మా యూనివర్సిటీలో తెలుగు చదివే పిల్లలకు ఒక్కొక్కరికీ ఒక్కో ఊరు అప్పగిస్తే ఈ చెరుకు పల్లెల పాటలన్నీ రెండేళ్లలో పేర్లతో సహా కాగితం మీదికి వస్తాయి. వాళ్లను పంపండి సార్లూ, ముసలివాళ్లు ఎక్కువ కాలం ఆగరు.

పోయిన వారం నోటుబుక్కు పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి పోయాను. ఇంకా పదకొండు పాటలు యాదికి ఉన్నాయన్నది. మొదటిది చెప్పమని పెన్ను తీశాను. "ఆగు బిడ్డా, ముందుగాల మా అవ్వ పేరు రాయి" అన్నది. రాశాను.