సబ్బు వేస్తే లేచే ‘ప్రకృతి గడియారం’



సంపాదకులు గారూ, మొన్న ఆదివారం అనుబంధంలో మీరు వేసిన ‘ఒక్కరోజులో రోటోరువా’ చదివాను. న్యూజిలాండ్‌లోని లేడీ నాక్స్ గీజరు ‘ప్రకృతే గంట కొట్టినట్టు’ రోజూ సరిగ్గా పదింబావుకి ఎగజిమ్ముతుందట. నేను బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఏదైనా రోజూ టైముకి కదులుతోందంటే వెనకాల విజిల్ ఊదేవాడు ఒకడుంటాడని నాకు తెలుసు. ఇక్కడా ఉన్నాడు. అతని చేతిలో విజిల్ బదులు సబ్బు ఉంటుంది.

అక్కడ జరిగేది ఇదీ. జనం మెట్ల వరసల మీద సర్దుకుని కూర్చున్నాక సిబ్బందిలో ఒకతను మైకు పట్టుకుని కథ చెబుతాడు. 1901లో అక్కడ ఆరుబయట పని చేయించే జైలు ఉండేది. ఖైదీలు ఆ వేడినీళ్ళలో బట్టలుతుక్కుందామని సబ్బు వేస్తే నీళ్ళు ఎగదన్నాయి. అడుగున మరిగే నీళ్ళు, వాటి మీద మూత వేసినట్టు కాస్త చల్లటి నీళ్ళు ఉంటాయి. సబ్బు పడితే తలతన్యత తగ్గి రెండూ కలిసిపోతాయి, ఇక ఆగవు. ఇరవై మీటర్ల దాకా లేస్తాయి. చుట్టూ పుట్టలా కనిపించే రాళ్ళు కూడా ఖైదీలు పేర్చినవే. ఇంత చెప్పి, అందరూ చూస్తుండగా సబ్బు వేస్తాడు. అందులో దాపరికమేమీ లేదు. మరి మీ వ్యాసకర్త ఏ మెట్టు మీద కూర్చుని చూశారు? అసలు బస్సు దిగారా?

టైంటేబులు లేని గీజరు కావాలంటే రోటోరువా ఊళ్ళోనే పోహుతు ఉంది. ముప్పై మీటర్ల దాకా కొడుతుంది. రోజుకి చాలాసార్లు వస్తుంది కానీ దాని ఇష్టం వచ్చినప్పుడు. ఒకప్పుడు ఊళ్ళో జనం, హోటళ్ళవాళ్ళు బోర్లు వేసి వేడినీళ్ళు తోడేస్తుంటే చుట్టుపక్కల గీజర్లన్నీ నీరసించాయి. పక్క చేలో బోరు పడితే మన బావి ఎండినట్టే. 1986లో ప్రభుత్వం పోహుతు చుట్టూ కిలోమీటరున్నర లోపల బోర్లన్నీ మూసెయ్యమంది, గీజర్లు తేరుకున్నాయి. మన జిల్లాల్లో ప్రతి రైతూ చదవాల్సిన సంగతి ఇది. మీ వ్యాసంలో పోహుతు పేరే లేదు. ఎందుకు లేదంటే, ఆక్లండ్ నుంచి వచ్చే కొన్ని ఒక్కరోజు బస్సులకి అక్కడ ఆగే తీరిక ఉండదు.

అలాంటి బస్సే మేమూ ఎక్కాం. మా అబ్బాయి ఆక్లండ్‌లో ఉంటాడు. అక్కణ్ణుంచి రోటోరువా దాదాపు రెండువందల ముప్పై కిలోమీటర్లు. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. పదింబావు సబ్బు వేడుక అందుకోవాలని చీకటితోనే లేపి కూర్చోబెట్టారు. తర్వాత షాంపేన్ పూల్ అనే వేడినీటి గుండం దగ్గరికి తీసుకెళ్ళారు. అరవై అయిదు మీటర్ల వెడల్పు, దాదాపు అంతే లోతు, డెబ్భై నాలుగు డిగ్రీల వేడి. ఆర్సెనిక్, యాంటిమొనీ పేరుకుని అంచంతా కాషాయం రంగు తిరిగి ఉంటుంది. నీటి మీద పొగ ఒకసారి కమ్మేస్తుంది, గాలి తిరగ్గానే రంగంతా బయటపడుతుంది. గంటసేపు కూర్చున్నా తనివి తీరదు. మాకు దొరికింది పావుగంట. ఆ తర్వాత బొమ్మలూ టీషర్టులూ అమ్మే కొట్టు దగ్గర ముప్పావుగంట! బస్సు ఎక్కడ ఎక్కువసేపు నిలబడిందో చూస్తే కమీషను ఎక్కడుందో తెలిసిపోతుంది. హైవే మీద హోటళ్ళ సంగతి నాకు ఒకరు చెప్పాలా?

అయినా నా కోపం వీటన్నిటి మీదా కాదు. మధ్యాహ్నం ఒక వేడినీటి కొలనులోకి దింపారు. మా ఆవిడ మొదట ఒద్దంది. మోకాళ్ళ నొప్పులకి మంచిదని గైడు బలవంతపెట్టాడు. అరగంట తర్వాత బయటికొచ్చి కాళ్ళు చూసుకుంటే మెట్టెలు నల్లగా మసిబారిపోయి ఉన్నాయి. పట్టీలూ అంతే. ఆవిడ అక్కడే బెంచీ మీద కూలబడిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ వేలి నుంచి తియ్యని మెట్టెలు అవి. అవి నల్లబడితే మా ఇళ్ళలో ఆడవాళ్ళ మనసులో ఏం మెదులుతుందో నేను రాయనక్కర్లేదు. గైడు దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తే వాడు నవ్వి, ‘ఓ, సిల్వర్!’ అన్నాడు. అంతే! అన్నీ తెలిసినవాడే. పొద్దున్నుంచీ మైకులో జోకులు వేశాడు కానీ, వెండి తీసి సంచిలో పెట్టుకోండని ఒక్క ముక్క అనలేదు.

తిరిగొచ్చే మూడు గంటలూ ఆవిడ నాతో మాట్లాడలేదు. ఇంటికి రాగానే విభూది పెట్టి రుద్దింది, చింతపండు పెట్టి రుద్దింది, లాభం లేకపోయింది. చివరికి మా కోడలు గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, సోడా వేసి, మరిగే నీళ్ళు పోసి వాటిని రేకుకి ఆనించి ఉంచితే తెల్లబడ్డాయి. రోటోరువా ఊరంతా కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది కదా, అది హైడ్రోజన్ సల్ఫైడ్ అట. అందులోని గంధకం వెండితో కలిస్తే ఈ నలుపు. మీ వ్యాసకర్త ‘వెంట తీసుకెళ్ళాల్సినవి’ అని పెద్ద జాబితా ఇచ్చారు. కళ్ళజోడు ఉంది, టోపీ ఉంది, సెల్ఫీ కర్ర కూడా ఉంది. తీసిపెట్టాల్సినవాటి జాబితా ఎక్కడ?

దానికన్నా ఘోరం ఫొటో కింద వ్యాఖ్య: ‘హాయిగా మూడు మునకలు వేయండి’. అయ్యా, అవి పుష్కరాలు కావు! అక్కడ వేడి నేలలోంచి ఊరే కొలనుల దగ్గర తల ముంచవద్దని బోర్డులుంటాయి. అలాంటి గోరువెచ్చటి నీళ్ళలో అరుదుగా ఒక అమీబా ఉంటుంది, ముక్కులోంచి మెదడుకి పాకితే మనిషి బతకడం కష్టం. మనవాళ్ళకి నీళ్ళు కనబడితే ముక్కు మూసుకుని మునగడం అలవాటు. మీరేమో మునగమంటున్నారు.

ఇక ‘గైడు వెంట ఉంటే అగ్నిపర్వతమైనా పెరటి తోటే’ అన్న వాక్యం. 2019 డిసెంబరు 9న అదే దేశంలో వైట్ ఐలాండ్ అగ్నిపర్వతం పేలినప్పుడు దీవి మీద నలభై ఏడుగురున్నారు. వాళ్ళంతా గైడ్లూ, గైడ్ల వెంట వెళ్ళినవాళ్ళే. ఇరవై ఇద్దరు పోయారు. అంతకు ముందు నెలలోనే ప్రమాద స్థాయి ఒకటి నుంచి రెండుకి పెంచారు, అయినా టూర్లు నడిచాయి. ఈ వాక్యం అచ్చుకి వెళ్ళే ముందు మీ డెస్కులో ఎవరూ చదవలేదా?

పక్కన బాక్సులో ‘మన మణుగూరు కిందా అగ్నిపర్వతం’ అని ఇంకోటి. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోర్లోంచి వేడినీళ్ళు వస్తున్న మాట నిజం. సింగరేణి వాళ్ళు దానితో ఇరవై కిలోవాట్ల చిన్న విద్యుత్ ప్లాంటు పెట్టిన మాటా నిజం. కానీ అక్కడ లావా లేదు, గీవా లేదు. నేలలోకి లోతుకి పోయినకొద్దీ వేడి పెరుగుతుంది, అంత లోతుకి దిగిన నీళ్ళు పగుళ్ళలోంచి వేడిగా పైకి వస్తున్నాయి. అంతే. ఆ బాక్సు చూసి భద్రాచలంలో ఉండే మా చెల్లెలు పొద్దున్నే ఫోను చేసి ఇల్లు ఖాళీ చెయ్యాలా అన్నయ్యా అని అడిగింది.

పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు మీ పేజీ కత్తిరించుకుని పాస్‌పోర్టు కవర్లో పెట్టుకుంటారు. గీజరు సంగతి సవరించినా, సవరించకపోయినా మీ ఇష్టం. తల ముంచవద్దనీ, వెండి తీసిపెట్టుకోమనీ మాత్రం ఈ ఆదివారమే వేయండి. ఆ ఫొటో వేసినంత సైజులో వేయండి.

– ఒక పాత చందాదారు, ఏలూరు