చీటీకెక్కని గాయము

ఘన్‌పూర్ అను పేరు మన ప్రాంతమున ఒక్క ఊరిది కాదు. లింగాల ఘన్‌పూర్ ఒకటి, ములుగు ఘన్‌పూర్ మరియొకటి కలవు. కాజీపేట, సికింద్రాబాదుల నడుమ రైలు ఆగు ఈ ఊరి పేరునకు ముందు ‘స్టేషన్’ అను ఒక్క మాట చేరుటచేతనే ఉత్తరము దారి తప్పక వచ్చుచున్నది. ఏ ఘన్‌పూరో చెప్పనిదే చిరునామా పూర్తి కాదని ఇచ్చట పసివానికి సైతము తెలియును. అట్లే ఏ భుజమో, అందు ఏ కండరమో, ఏ పనివలన చెడినదో చెప్పనిదే దవాఖానా చీటీయు పూర్తి కాదని మనము గ్రహింపవలసియున్నది.

కల్లములు నిండి, కొనుగోలు కేంద్రములయందు కాంటాలు మొదలైన దినములలో, 40 కిలోల వడ్ల బస్తాలను ప్రొద్దు పొడిచినది మొదలు చీకటి పడువరకు లారీలకెక్కించు హమాలీని తలచికొందము. ఒకనాడు బస్తాను పైకెత్తునప్పుడు జబ్బలో ఏదియో చివుక్కుమనును. నాలుగు దినములు కాపడముతో ఓర్చుకొని, చేయి తలపైకి లేవకపోగా, రాత్రి ఆ ప్రక్కకు ఒత్తిగిలుటయు దుస్సహము కాగా, ఐదవనాడు కూలి విడిచి దవాఖానాకు వచ్చి, “జబ్బల నరం పట్టింది సారూ, చెయ్యి లేస్తలేదు” అనును. చీటీపై ‘భుజము నొప్పి’ అను రెండు మాటలు పడును. నొప్పి మాత్రలును పూతమందును చేతికి వచ్చును.

అతడు నరమనునది చాలమారులు నరము కాదు. భుజపుటెముక తలను గూటియందు నిలిపి త్రిప్పునవి నాలుగు కండరములు: సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరీస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. వీని స్నాయువులు కలిసి చొక్కా చేతి పట్టీవలె ఎముకను చుట్టియుండుటచే వీనిని రొటేటర్ కఫ్ అందురు. వీనిలో ఒకటి మితిమీరి సాగి చీలుట, అనగా స్ట్రెయిన్, ఒక గాయము. ఎముకను ఎముకకు కట్టు సంధిబంధనము బెణకుట వేరొకటి. స్నాయువు ఏండ్ల తరబడి అరిగి తెగుట మూడవది. కీలును కప్పిన పొర బిగిసి చేయి కదలకుండుట నాల్గవది. ఒకదానికి విశ్రాంతి వలయును, వేరొకదానికి వ్యాయామము వలయును, పూర్తిగా తెగినదానికి ఒక్కొకప్పుడు శస్త్రచికిత్సయే శరణ్యము. ‘భుజము నొప్పి’ అను మాట ఈ నాల్గింటిని ఒక్క గోనెలో కుట్టివేయుచున్నది.

ఈ భేదములను వ్రాతలోనికి తెచ్చుట సాధ్యమేయనుటకు మన బిడ్డలే సాక్షులు. ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, జీవశాస్త్రములు చదివిన మన యువతీయువకులెందరో అమీర్‌పేట శిక్షణాలయములలో మెడికల్ కోడింగ్ అభ్యసించి, హైదరాబాదు కార్యాలయములయందు అమెరికా వైద్యుల దస్త్రములను చదివి సంకేతములుగా మార్చుచున్నారు. అచ్చటి కూలివాని కుడి రొటేటర్ కఫ్ స్ట్రెయిన్ అయినచో ఎస్46.011ఏ అని వ్రాయుదురు. ఎస్46 భుజమునందును పై చేతియందును గల కండరముల గాయమును, సున్న రొటేటర్ కఫ్‌ను, మొదటి ఒకటి స్ట్రెయిన్‌ను, రెండవ ఒకటి కుడి చేతిని తెలుపును. ఎడమయైనచో అచ్చట 2, ఏ చేయియో వ్రాయబడకున్నచో 9 వచ్చును. తుదనున్న ‘ఏ’ గాయమునకు చికిత్స సాగుచున్నదనియు, ‘డి’ కోలుకొను దశయనియు, ‘ఎస్’ గాయము మానినను విడువని బాధయనియు చెప్పును. బరువెత్తుటవలననా, ఒకే కదలికను పలుమారులు చేయుటవలననా అనుటకు ఎక్స్50 శ్రేణియందు వేరువేరు సంకేతములు కలవు. వైద్యుడు వ్రాయనిదానిని కోడరు ఊహించి చేర్చరాదు. సందేహము కలిగినచో వైద్యుని అడుగవలెను. ‘భుజము నొప్పి’ అని మాత్రమే యున్నచో గాయమునకు సంకేతమే దొరకదు, ఎం25.51 అను నొప్పి సంకేతముతో సరిపెట్టవలసివచ్చును.

సముద్రముల కావలి భుజమునకు ఇంతటి శ్రద్ధ చూపుచున్న చేతులు మనవే కనుక, ఆ శ్రద్ధలో ఒక పాలు మన హమాలీ భుజమునకు దక్కవలెననుట అత్యాశ కాదు. రెక్కాడితే గాని డొక్కాడనివానికి రెక్కయే ఆస్తి. పనివలనను పనిలోను కలిగిన ప్రమాదమునకు పరిహారమిమ్మని 1923 నాటి చట్టమే చెప్పినది. ముఠా, జట్టు, హమాలీ కార్మికుల సంక్షేమమునకై ఉమ్మడి రాష్ట్రము 1976లోనే చట్టము చేసినది. గాయము బస్తా ఎత్తుటచే వచ్చినదని చీటీలో లేనప్పుడు అతడు ఏ అధికారి ముందు ఏ సాక్ష్యము చూపగలడు? 2002 నాటి వైద్య మండలి నియమములు దవాఖానాలో చేరిన రోగుల దస్త్రములను 3 సంవత్సరములు భద్రపరచుమనియు, కోరిన 72 గంటలలో ఇమ్మనియు శాసించినవి. ఓపీకి వచ్చి పోవువానికి మిగులునది జేబులో చెమటకు నానిన ఆ చీటీ యొక్కటే.

వ్యక్తికి కలుగు మేలు ఇది. సమాజమునకు కలుగు మేలు వేరొకటి కలదు. ఈ సంకేతములకు మూలమై, 1893లో ఫ్రాన్సు దేశపు గణాంకవేత్త జాక్ బెర్టియాన్ కూర్చిన జాబితా మరణకారణములనే లెక్కించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేపట్టిన 1948 నాటి ఆరవ సవరణతో అది బ్రతికియుండి బాధపడువారి రోగములను, గాయములను గూడ లెక్కకు తెచ్చినది. తాడెక్కు గీతకార్మికుని భుజము, పెంబర్తిలో ఇత్తడి రేకుపై సుత్తి వేయు శిల్పి భుజము, పత్తి ఏరు స్త్రీ భుజము, వీనిలో ఒక్కొకదాని నొప్పికి ఒక్కొక కారణముండగా, మన చీటీలలో అన్నియు ‘ఒళ్లు నొప్పులు’గా కలిసిపోవుచున్నవి. బస్తా బరువు తగ్గింపవలెనా, లారీకి ఏటవాలు పలక వేయవలెనా అని ఆలోచించు అధికారికి ఆధారము ఈ చీటీలనుండి గాక మరెక్కడనుండి వచ్చును?

అమెరికా పద్ధతిని యథాతథముగా తెచ్చుకొమ్మని నేననను. అచ్చట సంకేతము బీమా చెల్లింపుతో ముడిపడినది, మనకు వలసినది రోగి మేలుతో ముడిపడినది. వరుస తలుపు దాటి నిలిచియుండగా వైద్యునికి తీరిక లేదనుటయు సత్యమే. అందుచేత ఓపీ చీటీమీదనే అయిదు ప్రశ్నలు అచ్చు వేయింపవలెను: కుడియా, ఎడమయా; ఏ పని చేయుచుండగా; ఒక్కసారిగనా, దినదినమునా; ఎన్నాళ్లనుండి; మొదటి రాకయా, మరల రాకయా. వరుసలో నున్నప్పుడే నర్సమ్మ అడిగి గుర్తు పెట్టవచ్చును. ఏ కండరమో, చేయి ఎంతవరకు లేచుచున్నదో మాత్రము వైద్యుడు పరీక్షించి వ్రాయును. 14 అంకెల ఆభా ఆరోగ్య ఖాతా సంఖ్య గలవారి చీటీ ప్రతిని దానితో జతపరచి నిలుపవచ్చును. సంకేతము వేయుటకు శిక్షణ పొందిన చేతులు మనకు కొరత లేవు.

రాబోవు కాంటాలలోపల మన జనగామ జిల్లా దవాఖానాలన్నిట ఇట్టి చీటీని అచ్చు వేయించుట భారమైన పని కాదు. ‘కుడి భుజము, రొటేటర్ కఫ్ స్ట్రెయిన్, వడ్ల బస్తా ఎత్తునప్పుడు, అయిదు దినములనుండి, మొదటి రాక’ అని వ్రాసియున్న చీటీతో వరంగల్ ఎంజీఎం దవాఖానాకు పోయినవానిని అచ్చటి వైద్యుడు మొదటినుండి విచారింపనక్కరలేదు; కార్మికాధికారి ముందు నిలిచినను ఆ చీటీ అతని పక్షమున మాటాడును. ఇందులో కండరము పేరు తప్ప తక్కినదంతయు హమాలీ స్వయముగా చెప్పగలడు. అడిగి వ్రాసికొనుట మన విధి.