సోమశిల ఒడ్డున నడిచినం సరే, ఎవరిని వెనక వదిలేసినం?

పోయిన ఆదివారం కృష్ణ ఒడ్డున మనం నడిచిన ఫోటోలు అందరూ చూసిండ్రు. లైకులు బాగనే వచ్చినయి. ఫోటోల్లో పడని సంగతి ఒకటుంది, అది రాద్దామనే ఈ పోస్టు. కొంచెం పొడుగుంటది, ఓపికగా చదవండి.

నాగర్‌కర్నూల్, అచ్చంపేట హాస్టళ్ళ నుంచి పద్దెనిమిది మందిమి పోయినం. కొల్లాపూర్‌ల బస్సు దిగి, ఆటోల్లో సోమశిల చేరి, అక్కడి నుంచి ఒడ్డెంబడి నడక. ఇంట్ల చెప్తే అందరి అమ్మలూ నవ్విండ్రు. "నడిచీ నడిచీ మా కాళ్ళు అరిగినయి, మీరు కిరాయి పెట్టుకొని నడవనీకి పోతున్నరా" అన్నరు. నిజమే. తండాలనైనా, పెంటలనైనా మనోళ్ళ నడక అంటే నీళ్ళకు, కట్టెలకు, తేనెకు, రేషన్‌కు, బడికి. ఏ పనీ లేకుండా, తొందర లేకుండ నడిచుడు మన ఇండ్లల్ల మన తరానికే దొరికింది. అందుకే ఈ నడకలు ఆగొద్దనే మా అభిప్రాయం. పరీక్షలప్పుడు టైం వేస్ట్ అని కొందరు సీనియర్లు అంటున్నరు, దాన్ని మేము ఒప్పుకోం.

సోమశిల గుడి ముందునుంచీ ఇప్పుడున్న తావుల లేదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు వస్తయని పాత గుడి రాళ్ళు విప్పి తెచ్చి పైన మళ్ళ కట్టిండ్రు. 1981ల ముంపు ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు ఊళ్ళను మాత్రం అట్ల ఎవరూ తెచ్చి కట్టలేదు. మనం నడిచిన బాట కూడా ఏడాదంతా ఉండదు. డ్యాంల నీళ్ళు 885 అడుగులకు నిండినయంటే ఒడ్డు పైకి జరుగుతది, బాట మునుగుతది. నీళ్ళు తగ్గినప్పుడే అది మనది.

ఇక అసలు సంగతి. మొదటి అరగంటలనే మనం మూడు ముక్కలైనం. ముందర పోటీ పెట్టుకున్న పోరగాళ్ళు, నడుమ రీల్స్ తీసేటోళ్ళు, అందరికన్నా వెనక ఇద్దరు చెంచు పిల్లలు, ఒక తమ్ముడు, ఒక చెల్లె. అడవిల వాళ్ళంత వడిగా మనలో ఎవరూ నడవలేరు. మరి ఎందుకు వెనకబడ్డరు? ఒడ్డున చేపలు పట్టేటోళ్ళ గుడిసెలున్నయి గద. అక్కడ ఆ చెల్లెకు వాళ్ళ చుట్టపామె కనబడ్డది, మాట్లాడుకుంట నిలబడ్డది. మనమేమో ఆరేసిన వలల ముందు ఫోటోలు దిగి, "తొందరగా రారాదు" అని దూరంనుంచి కేకలేసినం. తిరిగొచ్చేటప్పుడు బస్సుల ఆ చెల్లె చెప్పింది: అడ్వాన్సు తీసుకున్నరంట, ఎంత కష్టపడ్డా తీరుతలేదంట, అప్పు తీరేదాక పోనియ్యరంట.

కొల్లాపూర్ దిక్కు చేపల వేటల చెంచులతోని వెట్టి చేయిస్తున్నరని ఇదివరకు పేపర్లల్ల కూడా వచ్చింది. మనం చదివినం, ఫార్వర్డ్ చేసినం, మరిచిపోయినం. వెట్టి చాకిరి నిర్మూలన చట్టం 1976ల వచ్చింది. దాని ప్రకారం వెట్టి కింద ఉన్న అప్పు రద్దయినట్టే, తీర్చే పని లేదు. కలెక్టర్‌కో ఆర్డీవోకో దరఖాస్తు పెడితే విచారణ చేయాలె, వెట్టి అని తేలితే విడుదల పత్రం ఇయ్యాలె. పోటీ పరీక్షలకు ఈ చట్టం సంవత్సరం బట్టీ పట్టినోళ్ళం మనలో చానామందిమి ఉన్నం. ఆ గుడిసె ముందు నిలబడ్డప్పుడు ఒక్కరికీ యాదికి రాలేదు. అది రాస్తుంటే మాకే సిగ్గనిపిస్తుంది.

"నడకకు పోయింది మనసు తేలిక కావడానికి, దాంట్ల కూడా సమస్యలేనా" అని ఒక అన్న అడిగిండు. ఆయన అడిగింది తప్పు కాదు. ప్రతి నడకనూ సర్వే చేయమని మేమంటలేం. నవ్వుకుంట, సద్దిరొట్టె తినుకుంటనే నడుద్దాం. కానీ మెల్లగా అంటే వెనకోళ్ళు ఆగినప్పుడు ముందోళ్ళు కూడా ఆగుడు. చైత్ర పున్నమికి సలేశ్వరం పోయినోళ్ళకు ఎరికే, లోయలకు దిగేటప్పుడు ముసలోళ్ళు బండమీద కూసుంటే వెంబడి వచ్చినోళ్ళంతా కూసుంటరు. అక్కడ లింగమయ్యకు పూజచేసేది చెంచులే, దారి ఎరిగినోళ్ళూ వాళ్ళే. మన గ్రూపుల మాత్రం లంబాడీ పిల్లలం ఎక్కువ, మాటలూ మనవే ఎక్కువ. గిరిజన ఐక్యత అని పోస్టర్ వేసుకొని, ఉన్న ఇద్దరు చెంచు పిల్లలను కేకలేసి పిలిచినం.

అందుకని వచ్చే నడక అమరగిరి దిక్కు పెడదామంటున్నం. కృష్ణ ఒడ్డున ఉన్న చెంచుల ఊరు అది. ముందర ఆ తమ్ముడు, చెల్లె నడుస్తరు, వాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ ఆగుదాం. గుడిసెల్లోళ్ళను అడగకుండ ఫోటో తీయొద్దు. దరఖాస్తు రాయడం వచ్చిన లా చదివే అక్కలిద్దరు వస్తమన్నరు, కానీ రాయాల్నా వద్దా అనేది ఆ గుడిసెల్లోళ్ళు చెప్పాలె, మనం కాదు. ఇది పోస్టు పెట్టకముందే ఆ చెల్లెకు చదివి వినిపించినం, పెట్టమన్నది.

వచ్చేటోళ్ళు కింద పేరు రాయండి. నీళ్ళ బాటిల్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలె. చెప్పులతోని రావొద్దు, నీళ్ళు తగ్గిన కాడ బురద మోకాలిదాక దిగుతది.